ఖాళీ చెయ్యి

సామర్లకోట స్టేషను రోడ్డులో పల్లంరాజు గారి భోజన హోటలు. ఆ హోటల్లో వంటింటి గుమ్మం పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. మూతకి కత్తితో చీల్చిన కన్నం. తిన్నవాళ్లు చేతిలో పెట్టిన పదీ ఇరవై, బిల్లు ప్లేటులో వదిలేసిన చిల్లర, ఎవరి చేతికొచ్చినా సరే అందులోనే పడాలి. ఆదివారం మధ్యాహ్నం జనం పల్చబడ్డాక డబ్బా విప్పి ఐదు వాటాలు వేసేవారు. వాటా అనేవారు కాదు, ఆకు అనేవారు. "ఈ వారం ఆకు ఎంత పడింది?" అంటే మనిషికి ఎంత వచ్చిందని అర్థం. అరిటాకుల్లో అన్నం పెట్టే హోటలు కదా, మాట కూడా అక్కణ్ణుంచే వచ్చింది.

ఐదు ఆకుల్లో ఒకటి సత్యప్రసాద్‌ది. పద్నాలుగేళ్లుగా అక్కడ సప్లయరు. ముప్పై ఎనిమిదేళ్లు, చురుకైన మనిషి, ఒకసారి వచ్చినవాడు నెయ్యి వద్దన్నాడో రెండుసార్లు వేయించుకున్నాడో ఆర్నెల్ల తర్వాత కూడా చెప్పగలడు. ఇంకో రెండు ఆకులు సురేంద్రవీ అనిల్ కుమార్‌వీ. ఇద్దరూ ముప్పై దాటనివాళ్లు, కాళ్లలో చక్రాలున్నవాళ్లు. నాలుగో ఆకు అందరిలోకీ పెద్దవాడైన అప్పాజీది. ఐదోది తలుపులమ్మది. ఆమె ఎంగిలాకులు తీసి బల్లలు తుడిచే మనిషి. ఎంగిలాకు ఎత్తే చేతిలో టిప్పు పెట్టిన మహానుభావుడు ఇంతవరకూ ఆ హోటలు గడప తొక్కలేదు. అయినా ఆమె ఆకు ఆమెకి పడేది. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నా పడేది. "మనిషి రాలేదని ఆకు ఎత్తెయ్యకూడదురా" అనేవాడు అప్పాజీ. పద్ధతి పెట్టింది అతనే.

డబ్బా ఒకటే కాబట్టి పనీ ఒకటే. ఒకడు అన్నం పెట్టుకుంటూ వెళ్తే వెనకే ఒకడు పప్పు, ఆ వెనకే ఒకడు కూరలు, సాంబారు. నా బల్ల, నీ బల్ల అని లేదు. ఎవరి చేతిలోనైనా ఒక్కటే వస్తువు. రెండో చెయ్యి ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ చేతికి కూడా ఒక పని ఉంది.

నాలుగేళ్ల కిందట అప్పాజీకి చెవులు పోయాయి. ఒకటి పూర్తిగా పోయింది. రెండోది నోరు దగ్గర పెట్టి అరిస్తే తప్ప పలకదు. రాజుగారికి తెలిస్తే ఆ సాయంత్రమే లెక్క చూసి పంపించేస్తారు. యాభై నాలుగేళ్లవాణ్ణి, అందులోనూ షుగరున్నవాణ్ణి, ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? అందుకని చెప్పలేదు. నలుగురూ కలిసి దాచారు. దాచడం అనుకున్నంత కష్టమేం కాలేదు. భోజనాల హాల్లో మాటలెన్నని? పప్పు, నెయ్యి, చారు, పెరుగు, ఇంకొంచెం, చాలు. పెదాలు చూసి ఇట్టే పట్టేసేవాడు అప్పాజీ. రాజుగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి పిలిస్తే పక్కనున్నవాడు మోచేత్తో పొడిచేవాడు. "ఆయ్, వస్తున్నానండి" అని పరిగెత్తేవాడు.

చిక్కల్లా వీపు వెనక. మరిగే సాంబారు బకెట్టు పట్టుకుని వంటింట్లోంచి వచ్చేవాడు "వేడి! వేడి!" అని కేకేస్తాడు. ముందున్నవాడు తప్పుకుంటాడు. ఏ హోటల్లోనైనా ఇంతే. అప్పాజీకి ఆ కేక వినపడదు. దీనికి ఉపాయం తలుపులమ్మ చెప్పింది. "కేకలెందుకు, భుజమ్మీద చెయ్యెయ్యండి." అంతే. అప్పాజీ వెనక నుంచి వెళ్లేవాడు ఎవడైనా సరే, ఖాళీ చెయ్యి అతని కుడి భుజం మీద వెయ్యాలి. చెయ్యి పడగానే అప్పాజీ వెనక్కి తిరక్కుండా ఎడమకి ఒక అడుగు జరిగేవాడు. రోజుకి రెండొందల సార్లైనా పడేది ఆ చెయ్యి. చూసినవాళ్లు ఈ సప్లయర్లకి ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమో అనుకునేవారు. నిజానికి అది ప్రేమే.

అలాంటి చోట చిచ్చు ఎలా పుట్టిందంటే, ఒక ఐదొందల నోటు వల్ల పుట్టింది.

తుని నుంచి వచ్చిన ఒక కుటుంబం ఏసీ గదిలో భోంచేసింది. వాళ్లలో పళ్లులేని ముసలావిడ ఉంది. సత్యప్రసాద్ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్లి ఆవిడ కోసం అన్నం ఇంకాస్త ఉడికించి తెచ్చాడు, పప్పు మెత్తగా మెదిపించాడు, గోరువెచ్చని నీళ్లిచ్చాడు. వెళ్లేటప్పుడు ఆవిడ కొడుకు అతని చేతిలో ఐదొందలు పెట్టి, "మా అమ్మ ఈ మధ్య ఇంత తినలేదండి" అన్నాడు. సత్యప్రసాద్ ఆ నోటుని మడిచి డబ్బాలో వేశాడు. వేసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ వారం ఆకు ఆరొందల నలభై పడింది.

ఆ సంగతి ఇంటికెళ్లి భార్య హారతికి చెప్పాడు. గొప్పగానే చెప్పాడు. ఆమె నవ్వి, "మీరు ముసలావిడకి సేవ చేస్తే తలుపులమ్మకి వందొచ్చిందన్నమాట" అంది. వేళాకోళానికే అంది పాపం. కానీ మాట ముల్లులా దిగింది. ఆ తర్వాత డబ్బా దగ్గరికి వెళ్లినప్పుడల్లా సత్యప్రసాద్ లోపల ఒక లెక్క నడిచేది. ఇవాళ నేనెంత వేశాను, అప్పాజీ బాబాయి ఎంత వేశాడు. లెక్క మొదలెట్టాక మనిషికి సుఖముంటుందా?

శ్రావణ మాసంలో రాజుగారు ఏదో హోటలు యజమానుల మీటింగుకి వెళ్లొచ్చి, బల్లకో స్టిక్కరు అంటిద్దామన్నారు. నాలుగేసి బల్లలు ఒక్కో సప్లయరుకి. టిప్పు ఇవ్వదలుచుకున్నవాళ్లు ఫోనుతో స్టిక్కరు స్కాన్ చేస్తే డబ్బు తిన్నగా ఆ సప్లయరు ఖాతాలోకే వెళ్తుంది. "ఈ రోజుల్లో చిల్లరెవడి దగ్గరుంది? డబ్బా ఉంచుతారో, స్టిక్కర్లు పెట్టుకుంటారో మీలో మీరు తేల్చుకోండి. నాకేం పట్టింపు లేదు" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం టీ గ్లాసులు పట్టుకుని ఐదుగురూ కూర్చున్నారు. సురేంద్ర, అనిల్ స్టిక్కర్లే అన్నారు. తలుపులమ్మ డబ్బా అంది. అప్పాజీ కూడా డబ్బా అన్నాడు. ఇక మిగిలింది సత్యప్రసాద్.

అతను గ్లాసులోకి చూస్తూ, "ఎవరి కష్టం వాళ్లదే కదా. అదే న్యాయమేమో" అన్నాడు.

అప్పాజీ ముందుకి వంగాడు. "ఏమన్నావు సత్యం? ఇటు తిరిగి చెప్పు."

సత్యప్రసాద్ తలెత్తాడు. ఆ ముసలికళ్లు తన పెదాల మీదే ఉన్నాయి. అదే మాట, ముఖం చూస్తూ రెండోసారి అనాల్సొచ్చింది. "ఎవరి కష్టం వాళ్లది బాబాయ్." రెండోసారి అనడం మొదటిసారి కంటే చాలా కష్టమైంది. అప్పాజీ తలూపి, "సరే. మీ ఇష్టం" అని టీ తాగేశాడు. తలుపులమ్మ లేచి డబ్బా తీసి, కొంగుతో తుడిచి, బియ్యం బస్తాల వెనక పెట్టింది.

స్టిక్కర్లొచ్చాక సత్యప్రసాద్‌కి వారానికి పందొమ్మిది వందలు, ఒక్కోసారి రెండు వేలు. వాయిదాల మీద ఫ్రిజ్జు కొన్నాడు. అప్పాజీ దగ్గరున్నది మీటల ఫోను. అతని బల్లల మీద స్టిక్కరు లేదు. ఎవరైనా చేతిలో పెడితే పెట్టినట్టు. వారానికి నూటయాభై వస్తే గొప్ప. తలుపులమ్మ సంగతి చెప్పక్కర్లేదు. ఇద్దరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని సత్యప్రసాద్ చాలాసార్లు అనుకున్నాడు.

పని కూడా మారిపోయింది. ఇప్పుడెవరి బల్లలకి వాళ్లే అన్నం, వాళ్లే పప్పు, వాళ్లే సాంబారు. ఒక్కో వస్తువుకీ ఒక్కోసారి వంటింట్లోకి తిరిగితే ఆలస్యం, ఆలస్యమైతే టిప్పు రాదు. అందుకని ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో అన్నం బేసిను. సురేంద్రైతే మోచేతి మీద అప్పడాల పళ్లెం కూడా నిలబెట్టేవాడు. ఎవడి చెయ్యీ ఖాళీగా లేదు. మొదట్లో అప్పాజీ వెనక నుంచి వెళ్లేటప్పుడు మోచేత్తో తాకేవారు, లేదా ఆగి అతను జరిగేదాకా చూసేవారు. తర్వాత్తర్వాత అప్పాజీయే గోడవారకి ఒదిగి నడవడం నేర్చుకున్నాడు. సర్దుకున్నాడులే అనుకున్నారు అందరూ. నిజమేమిటంటే వాళ్లు వదిలేశారు, అతను బెదిరిపోయి గోడ పట్టుకున్నాడు.

కార్తీక మాసం వచ్చింది. పంచారామాలు తిరిగే బస్సులు ఒకదాని వెనక ఒకటి. ఆ ఆదివారం పన్నెండున్నరకి రెండు బస్సుల జనం ఒక్కసారి దిగారు. హాలంతా గోల. సత్యప్రసాద్ నాలుగు బల్లలూ నిండిపోయాయి. మూల బల్ల దగ్గర బంగారు గొలుసాయన ఒకడు, రాగానే "బాగా చూసుకో, నేనూ బాగా చూసుకుంటా" అని ఫోను ఊపి చూపించినవాడు, ఇప్పుడు ఆకు మీద వేళ్లతో కొడుతూ "సాంబారు, సాంబారు" అంటున్నాడు.

సత్యప్రసాద్ వంటింట్లోకి పరిగెత్తాడు. అప్పుడే దింపిన గుండిగలోంచి బకెట్టు నిండా పట్టించాడు. ఎడం చేత్తో అన్నం బేసిను ఎత్తాడు. గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురుగా అప్పాజీ వీపు. గుమ్మం పక్క బల్ల మీదికి వంగి పచ్చడి గిన్నెలు నింపుకుంటున్నాడు. దారి సగం అతనే ఆక్రమించాడు.

బేసిను కింద పెట్టడానికి ఎంతసేపు? రెండు క్షణాలు. మూల బల్ల దగ్గర్నుంచి మళ్లీ "ఏవయ్యా!" అని వినపడింది. సత్యప్రసాద్ బేసిను దింపలేదు. "బాబాయ్, వేడి! వేడి!" అని హాలు దద్దరిల్లేలా కేకేసి అడుగు ముందుకేశాడు.

అప్పాజీ పచ్చడి గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగాడు.

మోచెయ్యి బకెట్టు అంచుకి తగిలింది. బకెట్టు ఒరిగింది. గుండెల మీద నుంచి తొడల దాకా మరిగే సాంబారు పడిపోయింది. అప్పాజీ ముందు కిందికి చూసుకున్నాడు, తర్వాత సత్యప్రసాద్ ముఖంలోకి చూశాడు, అప్పుడు అరిచాడు.  తలుపులమ్మ తుడిచే గుడ్డ పారేసి పరిగెత్తుకొచ్చి, చేతులు కడుక్కునే డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు పోస్తూనే ఉంది. సురేంద్ర ఆటో తెచ్చాడు. అన్నం బేసిను ఇంకా సత్యప్రసాద్ ఎడం చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే హోటలు తెరవకముందు రాజుగారు నలుగుర్నీ పిలిచారు. కాకినాడ పెద్దాసుపత్రిలో చేర్చారు అప్పాజీని. షుగరుంది కాబట్టి కాలిన చోట చీము పట్టకుండా చూసుకోవాలనీ, వేరే గదీ ప్రత్యేకంగా చూసే మనిషీ ఉండే ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లగలిగితే మంచిదనీ డాక్టరు చెప్పాడు. రెండున్నర లక్షల దాకా అవుతుందన్నారు.

రాజుగారు చెడ్డమనిషేం కాదు. లెక్కమనిషి. గల్లాపెట్టె పక్కనున్న టీవీలో నిన్నటి కెమెరా బొమ్మ మళ్లీ మళ్లీ తిప్పి చూస్తున్నారు. సత్యప్రసాద్ గుమ్మంలోకి రావడం, అప్పాజీ తిరగడం, బకెట్టు ఒరగడం. కెమెరాకి కళ్లే గానీ చెవుల్లేవు. నోరు తెరవడం కనిపిస్తోంది, ఏమన్నాడో లేదు.

"చూడండి. పనివాడి తప్పయితే హోటలుదే బాధ్యత" అన్నారు రాజుగారు. "ఆ రెండున్నర లక్షలూ నేను కడతాను. కానీ తప్పు చేసినవాడు మళ్లీ నా హాల్లో అడుగు పెట్టడు. అలా కాదు, అప్పాజీయే చూసుకోకుండా తిరిగాడంటే అది అతని ఖర్మ. ఏదో పదివేలిస్తాను. ఇంతకంటే నేనేం చెయ్యలేను." బొమ్మని ఆపి సత్యప్రసాద్ వైపు తిరిగారు. "ఒక్కటే అడుగుతున్నాను. వేడి అన్నావా, లేదా?"

అనలేదు అంటే చాలు. ఒక్క మాట. అది అబద్ధమే, కానీ జరిగినదానికి సరిపోయే మాట అదే. కెమెరా కాదనలేదు. మిగిలినవాళ్లు కాదనరు. అప్పాజీకి ప్రైవేటు గది, మంచి వైద్యం. సత్యప్రసాద్‌కి ఉద్యోగం ఉండదు. సామర్లకోటలో, పెద్దాపురంలో ఒకడి మీద సాంబారు పోసినవాడనే పేరు మిగులుతుంది. ఫ్రిజ్జు వాయిదాలు పద్నాలుగు ఉన్నాయి. ఇదంతా అతని తలలోంచి ఎంత తొందరగా వెళ్లిపోయిందంటే, నోరు దానికంటే ముందే తెరుచుకుంది.

"ఆయ్. అన్నానండి."

"నువ్వు విన్నావా?" సురేంద్రని అడిగారు. "విన్నానండి" అన్నాడు. అనిలూ విన్నానన్నాడు. తలుపులమ్మ నేల చూస్తూ, "కేక విన్నానండి" అంది. అంతటితో ఆగింది.

"ఇంతమంది విన్నారు. ఆయనెందుకు వినలేదు?"

 రాజుగారు ఒక్కొక్కరి ముఖమూ చూసి, నెమ్మదిగా, "చెవుడా?" అన్నారు. సురేంద్ర తల వంచుకున్నాడు. రాజుగారికి ముఖం ఎర్రబడింది. "నా హాల్లో చెవిటివాణ్ణి తిప్పుతూ నాకు చెప్పలేదా? ఎన్నాళ్లుగా? ఎవరి పిల్లల మీదైనా పడి ఉంటే?" అంటూ చాలాసేపు అరిచారు. ఆఖరికి సొరుగు లాగి, పదివేలు లెక్కపెట్టి తలుపులమ్మ చేతిలో పెట్టి, "వాళ్లావిడకివ్వు" అన్నారు.

బయటికొచ్చాక సురేంద్ర సత్యప్రసాద్ చెయ్యి పట్టుకుని, "నువ్వు కేకేశావు కదా అన్నా. నీ తప్పేం లేదు" అన్నాడు. అనిల్ కూడా అదే అన్నాడు. వాళ్లకి అలా అనుకోవాల్సిన అవసరముంది, ఎందుకంటే వాళ్లు కూడా ఆ భుజం మీంచి చేతులు ఎప్పుడో ఎత్తేశారు. తలుపులమ్మ మాత్రం చీపురు తీసుకుంటూ అంది:

"కేకేశావు తమ్ముడూ, నేనూ విన్నాను. ఎవరి కోసం వేశావు?"

ఆ ప్రశ్నకి జవాబు సత్యప్రసాద్‌కి కేకేసిన క్షణంలోనే తెలుసు. బాబాయికి వినపడదని తెలిసీ కేకేశాడు. కేకేస్తే తన వంతు అయిపోతుందని వేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యంతోనే వెళ్లి తన బల్లల మీద ఆకులు పరిచాడు.

తర్వాతి ఆదివారం తలుపులమ్మ బియ్యం బస్తాల వెనక నుంచి డబ్బా తీసి పాత చోట పెట్టింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. సురేంద్ర ఫోనులో పడిన డబ్బు నోట్లు చేయించి తెచ్చి వేశాడు. అనిలూ వేశాడు. సత్యప్రసాద్ ఆ వారం వచ్చినదంతా, ఒక్క రూపాయి ఉంచుకోకుండా వేశాడు. ఐదు ఆకులు పడ్డాయి. తమ ఆకులు కూడా అప్పాజీ ఆకులోకే తోసేశారు. సురేంద్ర పట్టుకెళ్లి అప్పాజీ భార్య మాణిక్యాంబకి ఇచ్చొచ్చాడు. రెండు ఆదివారాలు అలాగే చేశారు. రెండున్నర లక్షల ముందు అది ఏ మూలకి? అయినా చేశారు.

సత్యప్రసాద్ ఆసుపత్రికి వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది. వార్డు గుమ్మంలో నర్సు మాస్కు ఇచ్చి, "ఇది తియ్యకూడదండి, పది నిమిషాలే" అంది. అప్పాజీ దోమతెర కింద పడుకుని ఉన్నాడు. ఒళ్లంతా గుడ్డలు. ముఖం మాత్రం అలాగే ఉంది. సత్యప్రసాద్‌ని చూసి కళ్లు వెలిగాయి. ఆ వెలుగు చూడలేకపోయాడు సత్యప్రసాద్.

"వచ్చావా సత్యం. నా బల్లలెవరు చూస్తున్నారు?" అన్నాడు అప్పాజీ.

సత్యప్రసాద్ స్టూలు మీద కూర్చున్నాడు. ఆకు సంగతి చెబుదామనుకున్నాడు, హోటలు కబుర్లు చెబుదామనుకున్నాడు. నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు. "బాబాయ్, నీకు వినపడదని తెలిసే కేకేశాను. బేసిను కింద పెట్టి ఉంటే సరిపోయేది. రాజుగారు అడిగినప్పుడు అనలేదని చెబితే నిన్ను ప్రైవేటుకి తీసుకెళ్లేవారు. నేను అన్నానన్నాను. నా పొట్ట చూసుకున్నాను బాబాయ్." గొంతులోనే చెప్పాడు, మెల్లగా, మాస్కులోంచి. చెబుతుంటే కన్నీళ్లు మాస్కులోకి కారాయి.

అప్పాజీ అతని ముఖం మీద వెతుకుతున్నాడు. పెదాలుండాల్సిన చోట నీలం గుడ్డ ఉంది. కాసేపు చూసి, అర్థమైనట్టు తలూపి నవ్వాడు. ఆ నవ్వు సత్యప్రసాద్‌కి బాగా తెలుసు. అర్థం కానప్పుడు కస్టమర్ల దగ్గర నవ్వే నవ్వు అది.

మాస్కు ఒక్క వేలితో కిందికి లాగితే చాలు. నర్సు అవతలి మంచం దగ్గరుంది. చెయ్యి పైకి లేచి, చెవి దగ్గర దారం దాకా వెళ్లింది. అక్కణ్ణుంచి కళ్లు తుడుచుకుని ఒళ్లోకి వచ్చేసింది. చెప్పేశాను కదా అనుకున్నాడు. నిజంగా గుండె తేలికైంది కూడా. "మళ్లీ వస్తాను బాబాయ్" అని చేత్తో సైగ చేసి లేచాడు.

మళ్లీ వెళ్లలేదు. ఆరో రోజున చీము రక్తంలోకి వెళ్లి అప్పాజీ చనిపోయాడు. డాక్టర్లు చెయ్యగలిగినంతా చేశారు. షుగరు వాళ్లని చెయ్యనివ్వలేదు.

కాలవ గట్టు మీద అప్పాజీది రెండు గదుల ఇల్లు. పెద్దకార్యం రోజు ఇంటి ముందు టార్పాలిను కట్టి భోజనాలు పెట్టారు. మాణిక్యాంబ వడ్డనకి మనుషుల్ని మాట్లాడబోతే సురేంద్ర ఒప్పుకోలేదు. "మేముండగా పరాయివాళ్లేంటి పిన్నీ?" అన్నాడు. రాజుగారు గుండిగలూ బకెట్లూ పంపించి, హోటలుకి ఒక పూట సెలవిచ్చారు. నలుగురూ పాత పద్ధతిలోనే వడ్డించారు. అనిల్ అన్నం, సురేంద్ర పప్పూ కూరలూ, సత్యప్రసాద్ సాంబారు. తలుపులమ్మ ఆకులు. స్టిక్కర్లు లేవు, ఎవరి బల్లా లేదు. ఒక చేతిలో బకెట్టు, రెండో చెయ్యి ఖాళీ. ఇన్నాళ్ల తర్వాత ఆ ఖాళీ చేతిని ఏం చెయ్యాలో సత్యప్రసాద్‌కి తెలియలేదు.

రెండో పంక్తికి పెరట్లో గుండిగలోంచి సాంబారు పట్టించుకుని వస్తుంటే, దారిలో మాణిక్యాంబ నిలబడి ఉంది. నెల రోజుల్లో పదేళ్లు పెద్దదైపోయింది.

"సత్యంబాబూ, నీకోసమే చూస్తున్నాను. ఒక్క మాట."

సత్యప్రసాద్ ఆగాడు.

"నువ్వు ఆసుపత్రికి వచ్చావటగా. నేను అప్పుడు మందులకి వెళ్లాను. ఆయన మరీ మరీ అన్నారు. సత్యం వచ్చి ఏదో చెప్పాడే, ముఖానికి గుడ్డ ఉంది, నాకు ఒక్క ముక్క తెలీలేదు, ఏడిచాడు కూడా అని. తియ్యమని అడగాల్సింది కదండీ అన్నాను. వాడు ఏడుస్తుంటే ఎలా అడుగుతానే, మళ్లీ వస్తానన్నాడు, అప్పుడు అడుగుతాలే అన్నారు. రోజూ గుమ్మం వైపే చూశారు బాబూ. ఆ ఆఖరి రోజు కూడా, సత్యం రాలేదా అని అడిగారు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసింది. "ఏం చెప్పావు నాయనా? ఆయనకి తెలీకుండానే పోయింది. నేనైనా తెలుసుకుంటాను."

ఇప్పుడు ముఖానికి గుడ్డ లేదు. ఎదురుగా ఉన్న మనిషికి చెవుడు లేదు. బకెట్టు కింద పెట్టడానికి రెండు క్షణాలు. ఎడం చెయ్యి ఖాళీగా ఉంది, ఆవిడ భుజానికి జానెడు దూరంలో ఉంది. పందిట్లోంచి ఎవరో "సాంబారు ఇటు రాలేదండీ" అన్నారు.

సత్యప్రసాద్ నోరు తెరిచాడు.

"వేడి, పిన్నీ. కాస్త జరగండి."

మాణిక్యాంబకి చక్కగా వినపడింది. పక్కకి తప్పుకుని దారిచ్చింది.